అనులేఖన ప్రారంభానికి శక్తి, ప్రోటీన్ కారకాల ఆవశ్యకత – వరిలో ఎండాకు తెగులు నిరోధకతతో దాని సంబంధం

వరిలో బాక్టీరియా ఎండాకు తెగులుకు నిరోధకతనిచ్చే జన్యువులలో ఎక్స్‌ఎ–5 ఒకటి. ఆస్ వర్గపు వరి రకాలలో సహజంగా లభించే ఈ జన్యువును ప్రజనన శాస్త్రవేత్తలు చాలా కాలంగా సంకరణాలలో వాడుతున్నారు. అది ఏ ప్రోటీన్‌కు సంకేతమో 2004లో అయ్యర్, మెక్‌కౌచ్ ప్రచురించిన పరిశోధనతో స్పష్టమయింది. తెగులు నిరోధక జన్యువు అనగానే వ్యాధికారకాన్ని పసిగట్టే గ్రాహకమో, దానిని అణచివేసే పదార్థమో దాని నుండి తయారవుతుందని ఊహించడం పరిపాటి. ఎక్స్‌ఎ–5 విషయంలో ఆ ఊహ తప్పింది. కణంలో జన్యువుల అనులేఖనం ప్రారంభం కావడానికి తోడ్పడే సాధారణ కారకాలలో ఒకటైన టీఎఫ్–2ఎ అనే ప్రోటీన్‌లోని చిన్న ఉపభాగానికి ఈ జన్యువు సంకేతం. నిరోధక రకాలలో ఆ ఉపభాగపు 39వ స్థానంలో వాలీన్‌కు బదులు గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది. తేడా అంతే.

ప్రతి కణంలోనూ నిత్యం పనిచేసే ఒక భాగంలో ఒక్క అమైనో ఆమ్లం మారినంత మాత్రాన పైరు తెగులును ఎలా తట్టుకుంటుంది? అలా మారినా మొక్క పెరుగుదల ఎందుకు దెబ్బతినదు? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియాలంటే అనులేఖనం ఎలా మొదలవుతుందో, దానికి ఏ ప్రోటీన్లు, ఎంత శక్తి, ఏ మెట్టు వద్ద కావాలో ముందుగా తెలుసుకోవాలి. పాఠ్యగ్రంథాలు ఈ భాగాన్ని తరచు రెండు మూడు వాక్యాలతో ముగిస్తాయి. తెగుళ్ల శాస్త్రం, ప్రజననం చదివే విద్యార్థులకు మాత్రం అది చాలదు.

గొలుసు కూర్చడం, గొలుసు ప్రారంభించడం

డీఎన్ఎ జంట పోచలలో ఒకదానిని అచ్చుగా తీసుకొని ఆర్ఎన్ఎ గొలుసును కూర్చే ఎంజైము ఆర్ఎన్ఎ పాలిమరేజ్. గొలుసులో చేరవలసిన ప్రతి న్యూక్లియోటైడ్ మూడు ఫాస్ఫేట్లతో వస్తుంది. వాటిని వరుసగా ఆల్ఫా, బీటా, గామా ఫాస్ఫేట్లని పిలుస్తారు. న్యూక్లియోటైడ్ గొలుసులో చేరేటప్పుడు ఆల్ఫా, బీటాల మధ్య బంధం తెగి, చివరి రెండు ఫాస్ఫేట్లు జంటగా విడిపోతాయి. ఆ జంట కూడా తరువాత రెండుగా చీలుతుంది. అంటే ఆర్ఎన్ఎలో ఒక్కొక్క అక్షరానికి రెండు అధిక శక్తి బంధాలు ఖర్చవుతాయి. ఇది గొలుసు పొడవు పెరగడానికి అయ్యే ఖర్చు. ఏ పాలిమరేజ్‌కైనా, ఏ జీవిలోనైనా ఇది తప్పదు.

ప్రారంభపు ఖర్చు వేరు. లక్షల, కోట్ల క్షారజంటల నడుమ సరియైన చోటును వెతికి పట్టుకోవాలి. అక్కడ సుమారు పన్నెండు నుండి పద్నాలుగు క్షారజంటల మేర పోచలను విడదీయాలి. తొలి బంధాలు ఏర్పడిన తరువాత ఎంజైము ఆ చోటును వదలి ముందుకు సాగాలి. ఈ మూడు పనులలో దేనినీ పాలిమరేజ్ ఒంటరిగా సక్రమంగా చేయలేదు. విద్యార్థుల జవాబు పత్రాలలో ఎక్కువగా కనిపించే పొరపాటు ఈ రెండు ఖర్చులను ఒకటిగా భావించడం. ‘అనులేఖనానికి ఏటీపీ కావాలి’ అన్న వాక్యం ఆ రెండింటిలో దేనిని ఉద్దేశించిందో చెప్పకపోతే దానికి అర్థం ఉండదు.

బాక్టీరియాలో సిగ్మా కారకం

ఈ విషయం మొదట బాక్టీరియాలో తేటపడింది. 1969లో బర్గెస్, ట్రావర్స్, వారి సహచరులు ఈ.కోలై పాలిమరేజ్ నుండి సిగ్మా అనే ప్రోటీన్‌ను వేరు చేశారు. సిగ్మా లేని మూల ఎంజైము ఆర్ఎన్ఎను కూర్చగలదు గాని ఎక్కడ మొదలుపెట్టాలో దానికి తెలియదు. సిగ్మా చేరితే జన్యువు ఆరంభానికి సుమారు 10, 35 క్షారజంటల ముందున్న రెండు గుర్తులను పట్టుకొని సరియైన చోట నిలుస్తుంది. సిగ్మా–70 అనే ప్రధాన రూపంతో పనిచేసేటప్పుడు పోచలు విడిపోవడానికి ఏటీపీ ఖర్చు కానక్కరలేదు. పదవ స్థానం వద్ద కొన్ని క్షారాలను సిగ్మా బయటకు తిప్పి తన గుంటలలో బంధించి ఉంచుతుంది. ఆ బంధనం వల్ల విడుదలయ్యే శక్తే పోచలను విడదీస్తుంది. దీనికి తోడు బాక్టీరియా డీఎన్ఎ పురి కొంత సడలి ఉంటుంది. ఆ సడలింపును కలిగించేది గైరేజ్ అనే ఎంజైము. గైరేజ్ పనికి మాత్రం ఏటీపీ కావాలి. కనుక ప్రారంభం వద్ద ఖర్చు కనిపించకపోయినా, దానిని కణం వేరొక చోట ముందే చెల్లించిందని గ్రహించాలి.

సిగ్మా–54 అనే మరొక రూపం కథ వేరు. వ్యవసాయ విద్యార్థులకు ఇది ఆసక్తి కలిగించాలి, ఎందుకంటే నత్రజని స్థిరీకరణ జన్యువులు దీని అధీనంలోనే ఉంటాయి. సిగ్మా–54తో కూడిన పాలిమరేజ్ 12, 24 స్థానాల వద్ద డీఎన్ఎపై స్థిరంగా కూర్చుంటుంది గాని పోచలను విడదీయలేదు. తాళం వేసిన తలుపు ముందు నిలిచినట్లు వేచి ఉంటుంది. కొంత ఎగువన డీఎన్ఎకు అంటుకొనే నిఫ్–ఎ వంటి ప్రేరక ప్రోటీన్ ఏటీపీని విచ్ఛిన్నం చేస్తూ సిగ్మాను కదిలించినప్పుడే పోచలు విడిపోతాయి. మధ్యలోని డీఎన్ఎ వంపు తిరిగి ఆ ప్రోటీన్‌ను పాలిమరేజ్ దగ్గరకు చేరుస్తుంది. ఇదే వర్గానికి చెందిన ఎన్‌టీఆర్–సి ప్రోటీన్‌పై జరిగిన పరిశోధనలో, పోచలు విడిపోవడానికి ఏటీపీ అవసరమని కస్టు, ఆమె సహచరులు 1989లో ప్రయోగపూర్వకంగా చూపారు.

ఒక నత్రజని అణువును అమోనియాగా మార్చడానికి నైట్రోజినేజ్‌కు కనీసం 16 ఏటీపీ అణువులు కావాలి. ఇంత ఖరీదైన పనికి సంబంధించిన జన్యువులు పొరపాటున తెరచుకోకుండా, ఏటీపీ చెల్లిస్తే గాని తెరచుకోని తాళం ఉండడం సమంజసంగానే తోస్తుంది. క్లెబ్సియెల్లాలో ప్రాణవాయువు గాని, అమోనియా గాని సమృద్ధిగా ఉంటే నిఫ్–ఎల్ అనే ప్రోటీన్ నిఫ్–ఎను అడ్డగిస్తుంది. వేరుశనగ, కంది, శనగ వంటి పైర్ల బుడిపెలలో నివసించే రైజోబియా వర్గపు బాక్టీరియాలో నిఫ్–ఎయే ప్రాణవాయువుకు తాళలేదు. బుడిపెను కోస్తే కనిపించే ఎరుపు వర్ణపు లెగ్‌హీమోగ్లోబిన్, స్వేచ్ఛా ప్రాణవాయువును తక్కువ స్థాయిలో ఉంచి నైట్రోజినేజ్‌ను కాపాడుతుంది. బుడిపె లోపలి ఆ స్వల్ప ప్రాణవాయు స్థితిలోనే నిఫ్–ఎ కూడా పనిచేయగలుగుతుంది. యూరియా ఎక్కువ వేసిన చేలో బుడిపెలు తగ్గడానికి ప్రధాన కారణం మొక్క స్వయంగా బుడిపెల ఏర్పాటును అదుపు చేసుకోవడం. దానిని నిఫ్–ఎల్ అడ్డగింపుతో కలిపి చెప్పరాదు.

నిజకేంద్రక కణాలలో కారకాల సమూహం

మొక్కలు, జంతువులు, శిలీంధ్రాల కణాలలో ఒక్క సిగ్మాతో పని జరగదు. 1969లోనే రోడర్, రటర్ ఈ కణాలలో మూడు వేర్వేరు పాలిమరేజ్‌లు ఉన్నట్లు కనుగొన్నారు. మొక్కలలో వీటికి అదనంగా నాలుగు, ఐదవ పాలిమరేజ్‌లు కూడా ఉన్నాయి గాని అవి జన్యువులను నిశ్శబ్దపరచే చిన్న ఆర్ఎన్ఎల మార్గానికి సంబంధించినవి. ప్రోటీన్లకు సంకేతమైన జన్యువులను చదివేది పాలిమరేజ్–2. విషపు పుట్టగొడుగులలోని ఆల్ఫా అమానిటిన్ అతి స్వల్ప మోతాదులోనే దీనిని నిలిపివేస్తుంది. మూడవ పాలిమరేజ్‌కు ఎక్కువ మోతాదు కావాలి, మొదటిది దాదాపు చలించదు.

పన్నెండు ఉపభాగాలున్న ఈ పెద్ద ఎంజైమును ఎంత శుద్ధి చేసినా అది జన్యువు ఆరంభ స్థానాన్ని గుర్తించలేకపోయింది. 1979లో రోడర్ ప్రయోగశాల దానికి కణసారాన్ని జతచేసినప్పుడు సరియైన చోట అనులేఖనం మొదలయింది. అంటే లోపించిన ప్రోటీన్లు ఆ కణసారంలో ఉన్నాయి. తరువాతి సంవత్సరాలలో వాటిని ఒక్కొక్కటిగా వేరు చేసి టీఎఫ్–2ఎ, 2బి, 2డి, 2ఇ, 2ఎఫ్, 2హెచ్ అని పేర్లు పెట్టారు. ఈ పేర్లలోని 2 అనే అంకె రెండవ పాలిమరేజ్‌కు గుర్తు. అక్షరాలు శుద్ధి చేసే క్రమంలో వచ్చినవే గాని పని జరిగే వరుసను సూచించవు. ఈ సంగతి తెలియక అక్షర క్రమంలో కంఠస్థం చేసే విద్యార్థులు ఇబ్బంది పడతారు.

పని జరిగే వరుస సుమారుగా ఇది: ముందుగా టీఎఫ్–2డి వస్తుంది. అందులోని టీబీపీ అనే ప్రోటీన్ గుర్రంపై జీను వలె డీఎన్ఎపై కూర్చొని దానిని సుమారు 80 డిగ్రీలు వంచుతుంది. ఈ జీను ఆకారాన్ని స్ఫటిక పరిశోధన ద్వారా 1992లో మొదట చూపినది అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్క నుండి తీసిన టీబీపీలోనే. మౌలిక జీవశాస్త్రంలో మొక్కల ప్రోటీన్‌కు దక్కిన అరుదైన ప్రథమ స్థానమిది. టీబీపీ, డీఎన్ఎల బంధాన్ని టీఎఫ్–2ఎ స్థిరపరుస్తుంది, దానిని ఊడదీయజూసే నిరోధక ప్రోటీన్లను దూరంగా ఉంచుతుంది. టీఎఫ్–2బి వచ్చి పాలిమరేజ్‌కు ఆధారమవుతుంది. పాలిమరేజ్ టీఎఫ్–2ఎఫ్‌తో కలసి వస్తుంది. చివరికి టీఎఫ్–2ఇ, దాని వెంట టీఎఫ్–2హెచ్ చేరుతాయి. జన్యువును బట్టి ఈ వరుసలోనూ, కారకాల అవసరంలోనూ తేడాలుంటాయి.

ఏటీపీ ఖర్చయ్యే చోటు

కారకాలన్నీ చేరినా పోచలు వాటంతట అవి విడిపోవు. ఇక్కడ ఏటీపీ కావాలని 1982లో వైన్‌మన్ బృందం, 1984లో సవదోగో, రోడర్ నిరూపించారు. ఆ ప్రయోగపు ఆలోచన విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. పరీక్షనాళికలో ఏటీపీకి రెండు పాత్రలున్నాయి. అది ఆర్ఎన్ఎలో చేరే ఒక అక్షరం, అదే ఇంధనం కూడా. ఏటీపీని తీసివేస్తే పని ఆగుతుంది గాని, ఆగింది అక్షరం లేకనా, ఇంధనం లేకనా అన్నది తెలియదు. రెండు పాత్రలను విడదీయడానికి బీటా, గామా ఫాస్ఫేట్ల నడుమ ప్రాణవాయువుకు బదులు నత్రజని ఉన్న కృత్రిమ రూపాన్ని వాడారు. ఆ బంధం తెగదు. గొలుసులో చేరడానికి తెగవలసినది ఆల్ఫా, బీటాల మధ్య బంధమే కనుక అక్షరంగా అది పనికివస్తుంది. అయినా అనులేఖనం మొదలు కాలేదు. అప్పుడు కొద్దిగా డీఏటీపీని చేర్చారు. ఇది డీఎన్ఎకు చెందిన అక్షరం, ఆర్ఎన్ఎ గొలుసులో సాధారణంగా ఇమడదు, కాని దాని గామా ఫాస్ఫేట్ తెగగలదు. అది చేరగానే అనులేఖనం మొదలయింది. మిగిలిన మూడు అక్షరాలు ఈ లోటును తీర్చలేకపోయాయి. కాబట్టి ప్రారంభానికి ఏటీపీ ఇంధనంగానే అవసరమని, అక్షరంగా దాని అవసరం వేరని తేలింది.

ఆ ఇంధనాన్ని వాడేది టీఎఫ్–2హెచ్. పది ఉపభాగాలున్న ఈ కారకంలో ఎక్స్‌పీబీ అనే ఉపభాగం ఏటీపీని విచ్ఛిన్నం చేస్తూ ఆరంభ స్థానానికి దిగువన ఉన్న డీఎన్ఎను పాలిమరేజ్ వైపు తోస్తుంది. ఎగువన డీఎన్ఎ మిగిలిన కారకాల పట్టులో కదలకుండా ఉంటుంది. తాడు ఒక కొసను గట్టిగా పట్టుకొని రెండో కొసను పురికి వ్యతిరేకంగా తిప్పితే నడుమ పేటలు విడివడడం రైతులకు తెలిసినదే. ఇక్కడ జరిగేది అటువంటిదే. విడివడిన అచ్చు పోచ పాలిమరేజ్ చీలికలోకి జారుతుంది. టీఎఫ్–2హెచ్‌లోనే ఉన్న మరొక ఎంజైము ఏటీపీ నుండి ఫాస్ఫేట్‌ను తీసి పాలిమరేజ్ తోక భాగానికి చేర్చుతుంది. ఆ తోకలో ఏడేసి అమైనో ఆమ్లాల వరుస పదేపదే వస్తుంది. ఈస్ట్‌లో 26 మార్లు, మనిషిలో 52 మార్లు. ఫాస్ఫేట్లు చేరిన తరువాత పాలిమరేజ్ ఆరంభ కారకాల పట్టు సడలి ముందుకు సాగుతుంది.

ఈ నియమానికి మినహాయింపులున్నాయి, వాటిని దాచరాదు. డీఎన్ఎ పురి ముందే సడలి ఉంటే టీబీపీ, టీఎఫ్–2బి, పాలిమరేజ్ ఈ మూడింటితోనే కొన్ని జన్యువుల ఆరంభం సాధ్యమని పార్విన్, షార్ప్ 1993లో చూపారు. మొదటి, మూడవ పాలిమరేజ్‌లకు పోచలు విప్పడానికి ఏటీపీ విచ్ఛిన్నం అవసరం లేదు. మరోవైపు నిజమైన కణంలో డీఎన్ఎ హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ 147 క్షారజంటల చొప్పున చుట్టుకొని ఉంటుంది. ఆ చుట్లను జరిపే ప్రోటీన్ సముదాయాలు కూడా ఏటీపీనే ఖర్చు చేస్తాయి. పరీక్షనాళికలో లెక్కించిన ఖర్చు కణంలో అయ్యే ఖర్చులో ఒక భాగం మాత్రమే.

తెగులు కారకం తలుపు తట్టే విధానం

ఇక ఎక్స్‌ఎ–5 విషయానికి వద్దాం. ఎండాకు తెగులును కలిగించే జాంథోమొనాస్ బాక్టీరియా వరి కణంలోకి టాల్ ప్రోటీన్లు అనే వాటిని సూది వంటి నిర్మాణం ద్వారా ప్రవేశపెడుతుంది. ఇవి కణకేంద్రకంలోకి వెళ్లి వరి జన్యువుల ఆరంభ ప్రాంతాలకు అంటుకుంటాయి. వీటిలో సుమారు 34 అమైనో ఆమ్లాల వరుస పలుమార్లు వస్తుంది. ఒక్కొక్క వరుసలో 12, 13వ అమైనో ఆమ్లాలు డీఎన్ఎలో ఒక్కొక్క క్షారాన్ని గుర్తిస్తాయని 2009లో రెండు బృందాలు వేర్వేరుగా కనుగొన్నాయి. బాక్టీరియా ముఖ్యంగా ఎంచుకునేది చక్కెరను కణం నుండి బయటకు పంపే స్వీట్ వర్గపు జన్యువులను. అవి మేల్కొంటే ఆకు కణాల వెలుపలికి చక్కెర చేరి బాక్టీరియాకు ఆహారమవుతుంది.

అయితే జన్యువు ముందు అంటుకున్నంత మాత్రాన అనులేఖనం మొదలు కాదు. పైన వివరించిన కారకాల సమూహం అక్కడ చేరాలి. బాక్టీరియాకు సొంత టీఎఫ్–2ఎ లేదు, 2హెచ్ లేదు, వరి కేంద్రకంలో ఖర్చు చేయడానికి సొంత ఏటీపీ కూడా లేదు. కాబట్టి టాల్ ప్రోటీన్ వరి మొక్కకు చెందిన టీఎఫ్–2ఎ చిన్న ఉపభాగాన్ని పట్టుకొని, దాని ద్వారా మిగిలిన సమూహాన్ని రప్పించుకుంటుంది. ఈ పట్టును 2016లో యువాన్, ఆయన సహచరులు వివరంగా చూపారు. 39వ స్థానంలో వాలీన్ ఉంటే పట్టు గట్టిగా ఉంటుంది. గ్లుటామిక్ ఆమ్లం వస్తే పట్టు బలహీనపడి స్వీట్ జన్యువు తగినంతగా మేల్కొనదు. మార్పు జరిగిన చోటు ఉపభాగపు ఉపరితలంపై ఉంది. టీబీపీని, డీఎన్ఎను స్థిరపరచే దాని సాధారణ పనికి అది అడ్డు రాదు. అందువల్లనే మొక్క మామూలుగా పెరుగుతుంది. ఇది కొత్త ఆయుధాన్ని సంపాదించడం కాదు, దొంగ చేతికి అందే పిడిని నున్నగా చేయడం.

దీనితో పోల్చి చూడదగినది ఎక్స్‌ఎ–13. అది స్వీట్–11 జన్యువు ఆరంభ ప్రాంతంలోనే మార్పు జరిగిన రూపం. అక్కడ టాల్ ప్రోటీన్ గుర్తించవలసిన చిరునామాయే మారింది. అంటే ఎక్స్‌ఎ–13 డీఎన్ఎ వైపున, ఎక్స్‌ఎ–5 ప్రోటీన్ కారకం వైపున ఒకే మెట్టును అడ్డుకుంటున్నాయి. ఎక్స్‌ఎ–21 వీటి కోవకు చెందదు. అది కణ ఉపరితలంపై బాక్టీరియాను పసిగట్టే గ్రాహకం.

ప్రజననంలో దీని పర్యవసానం

ఒక జతలో ఒక జన్యువు పాత రూపంలో ఉన్నా కణంలో వాలీన్ గల ఉపభాగం తయారవుతూనే ఉంటుంది. బాక్టీరియాకు అది చాలు. అందువల్ల ఎక్స్‌ఎ–5 అంతర్గత లక్షణంగా వ్యవహరిస్తుంది. ఎక్స్‌ఎ–13 కూడా అంతే. ఆంగ్లంలో ఈ రెండింటి పేర్లను చిన్న అక్షరంతోను, బహిర్గతమైన ఎక్స్‌ఎ–21ను పెద్ద అక్షరంతోను మొదలుపెట్టేది ఇందుకే. తెలుగు లిపిలో ఆ తేడా కనిపించదు కాబట్టి విడిగా చెప్పవలసి వస్తున్నది. పశ్చ సంకరణపు మొక్కలకు తెగులు సోకించి చూస్తే ఎక్స్‌ఎ–5 ఉన్నవీ లేనివీ ఒకే తీరున ఎండుతాయి. ఆకును చూసి ఎంపిక చేయడం అసాధ్యం, ప్రతి తరంలోనూ డీఎన్ఎ మార్కర్లతో పరీక్షించాలి.

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మషూరి, అనగా బీపీటీ 5204, గింజ నాణ్యతకు పేరొందినా ఎండాకు తెగులుకు సులభంగా లొంగుతుంది. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలనాలయం, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం కలసి మార్కర్ల సాయంతో నాలుగు పశ్చ సంకరణాలు జరిపి ఎక్స్‌ఎ–5, ఎక్స్‌ఎ–13, ఎక్స్‌ఎ–21 మూడింటినీ దానిలో చేర్చాయి. ఆ రకం 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మషూరి పేరుతో విడుదలయింది. సంకర వరిలో ఈ పని మరింత కష్టం. విత్తనంగా రైతుకు చేరేది మొదటి తరం సంకరం కాబట్టి, తల్లి వరుసలోను తండ్రి వరుసలోను ఎక్స్‌ఎ–5 ఉంటేనే చేలో నిరోధకత కనిపిస్తుంది. ఒక్క వైపు చేర్చినంత మాత్రాన ఫలితం ఉండదు.

ఎక్స్‌ఎ–5 ఒక్కదానినే నమ్ముకోవడం కూడా శ్రేయస్కరం కాదు. వరిలో టీఎఫ్–2ఎ చిన్న ఉపభాగానికి మరొక ప్రతి ఒకటవ క్రోమోజోముపై ఉంది. సాధారణంగా అది తక్కువగా వ్యక్తమవుతుంది. ఫిలిప్పీన్స్‌కు చెందిన పీఎక్స్‌ఓ–99ఎ అనే బాక్టీరియా రూపం ఎక్స్‌ఎ–5 ఉన్న వరిపై కూడా తెగులు కలిగిస్తుంది. ఆ బాక్టీరియాలోని ఒక టాల్ ప్రోటీన్ ఒకటవ క్రోమోజోముపై ఉన్న ఈ ప్రతిని మేల్కొలుపుతుందని 2007లో సుగియో, ఆమె సహచరులు కనుగొన్నారు. ఐదవ క్రోమోజోము వద్ద కోల్పోయిన పట్టుకు బదులు అది మరొక పట్టును వెతుక్కుంటున్నదని ఒక అభిప్రాయం. ఈ కారణంగా ఎక్స్‌ఎ–5ను కొత్త రకాలలోకి తెచ్చేటప్పుడు ఎక్స్‌ఎ–21 వంటి వేరే పద్ధతిలో పనిచేసే జన్యువును తోడుగా చేర్చాలి. ఆ ప్రాంతంలో సేకరించిన బాక్టీరియా రూపాలతో జన్యువులను విడివిడిగాను, కలిపి కూడా పరీక్షించిన తరువాతనే రకాన్ని పొలానికి పంపాలి.